విదేశాల ఖాతాలో కోనసీమ

అమెరికాలో నేనేం ఉద్యోగం చేస్తానో మా వాళ్లకి చెప్పడం ఇప్పటికీ కష్టమే. లైబ్రరీలో అనగానే పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెద్దమనుషులు, తాళాలు వేసిన బీరువాలు గుర్తొస్తాయి. "అంత దూరం వెళ్లి పుస్తకాలు సర్దుతున్నావా?" అని మా అక్కగారి అత్తగారు మొహం మీదే అడిగేశారు. గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది మా పాత తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులోనే. అలాంటి జిల్లాలో లైబ్రరీ ఉద్యోగమంటే ఈ చిన్నచూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

మా ఆయన హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వెళ్తే నేను భార్యలకిచ్చే హెచ్-4 మీద వెళ్లినదాన్ని. ఇక్కడ బీఈడీ చేసి ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పిన మనిషిని, అక్కడ ఇంట్లో కూర్చున్నాను. 2015లో హెచ్-4 వాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి ఇచ్చారు. భర్త గ్రీన్‌కార్డు కాగితాలు ఒక దశ దాటి ఉండాలి, అదీ షరతు. ఆ అనుమతి చేతికొచ్చాక ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీలో చేరాను. గంటల లెక్కన జీతం. రిఫరెన్స్ డెస్క్ దగ్గర కూర్చుంటాను. పగలు డేకేర్‌లో పిల్లల్ని చూసుకుని రాత్రి టీచర్ కోర్సు చదివేవాళ్లు వస్తారు. "రేపటికల్లా అయిదు పీర్ రివ్యూడ్ ఆర్టికల్స్ కావాలి" అంటారు. అంటే అచ్చువేసే ముందు అదే రంగం వాళ్లు చదివి సరేనన్న వ్యాసాలు. దేని మీద అంటే "పిల్లల మీద" అంటారు. అప్పుడు కూర్చోబెట్టి, టీ ఒక్కటి తప్ప అన్ని మర్యాదలూ చేసి, వాళ్లకి నిజంగా ఏం కావాలో బయటికి లాగాలి. నా ఉద్యోగంలో సగం ఇదే. వచ్చిన మనిషి అడిగే మొదటి ప్రశ్న అసలు ప్రశ్న కాదని ఆ కుర్చీలో కూర్చున్న ఎవర్నడిగినా చెబుతారు.

ఆ తర్వాత తెరిచి చూపించేది ఎరిక్. 1964లో మొదలై, ఇప్పుడు అమెరికా విద్యాశాఖ నడుపుతున్న డేటాబేస్. చదువులకి సంబంధించిన పరిశోధనలు, నివేదికలు 1966 నుంచి అందులో పోగుపడుతున్నాయి. ఇప్పటికి దాదాపు 20 లక్షల రికార్డులున్నాయి. నంబరు ఈజే అని మొదలైతే పత్రికలో వచ్చిన వ్యాసం. ఈడీ అని మొదలైతే నివేదికో, సదస్సులో చదివిన పత్రమో, సర్కారు ప్రచురణో. పూర్వం ఈ ఈడీ పత్రాల్ని మైక్రోఫిష్ అనే ఫిల్ము ముక్కల మీద ఎక్కించి లైబ్రరీలకి పంపేవారు. యంత్రం కింద పెట్టి చదువుకోవాలి. ఇప్పుడు వాటిలో చాలావరకు ఇంట్లో కూర్చుని పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు. కాలేజీలు డబ్బుపోసి కొనే డేటాబేస్‌లు విద్యార్థి నంబరు లేనిదే తెరుచుకోవు. కోర్సు అయిపోయిన మర్నాడే గడియ పెట్టేస్తాయి. ఎరిక్‌కి లాగిన్ లేదు, చందా లేదు. న్యూజెర్సీలో ఎలా తెరుచుకుంటుందో సఖినేటిపల్లిలోనూ అలాగే తెరుచుకుంటుంది. ఈసారి సెలవులో నాకది బాగా పనికొచ్చింది.

మా అక్క కూతురు అమ్మలు రాజమండ్రిలో ఎం.ఎడ్. చదువుతోంది. డిసర్టేషన్‌కి తీసుకున్న అంశం, తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లల చదువు. మా వైపు ఈ అంశం కోసం ఊళ్లు తిరగక్కర్లేదు, వీధి దాటితే చాలు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి నుంచీ, పంటెక్కి ఏరు దాటితే నరసాపురం, మొగల్తూరు నుంచీ ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనికి, కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో. పిల్లలు అమ్మమ్మల దగ్గర. మా ఎదురింటి పిల్ల ప్రోగ్రెస్ కార్డు ఫోను కెమెరాకి ఎదురుగా పట్టుకుని నిలబడితే నేనే చూశాను. అవతల వంటింట్లోంచి వాళ్లమ్మ "ఇంకొంచెం పైకెత్తు, లెక్కల్లో ఎంతొచ్చింది?" అంటోంది. పిల్ల కార్డు పైకెత్తేలోపే "మామా పిలుస్తోంది, ఉంటానే" అని పెట్టేసింది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. లెక్కల్లో వచ్చినవి పందొమ్మిది. పిల్ల కార్డు నెమ్మదిగా సంచిలో పెట్టేసుకుంది.

"రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లో ముప్ఫై స్టడీలైనా ఉండాలి, అందులో సగం ఫారిన్‌వి ఉండాలన్నారు పిన్నీ మా గైడ్ మేడమ్" అని ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది మా అమ్మలు. సీనియర్ల డిసర్టేషన్లోంచి ఎత్తిరాయడం అక్కడ మామూలేనట. వాళ్లు వాళ్ల సీనియర్లలోంచి ఎత్తారు. ఎవరూ చదవని స్టడీలు అలా ఏళ్ల తరబడి చేతులు మారుతుంటాయి. పెద్దమ్మలా తిట్టాలనిపించింది గానీ పిన్నినే కదా, ఊరుకున్నాను.

ఎరిక్ తెరిచి తనకి తోచింది కొట్టింది: కువైట్, మదర్స్, చిల్డ్రన్, ఎడ్యుకేషన్. వచ్చినవి కువైట్ దేశస్థుల పిల్లలు, వాళ్ల కిండర్‌గార్టెన్లు, వాళ్ల తల్లుల అభిప్రాయాలు. మా వాళ్లు ఆ ఇళ్లలోనే ఉంటారు గానీ ఆ సర్వేల్లో ఉండరు.

"మైగ్రెంట్ చిల్డ్రన్" అని కొట్టింది. ఈసారి వరద. అన్నీ అమెరికా పొలాల్లో కోతల వెంట ఊళ్లు మారే కూలీల పిల్లల గురించే. దానికి కారణముంది. 1966లో అక్కడి విద్యాచట్టాన్ని సవరించి అలాంటి పిల్లల చదువుకి విడిగా నిధులు పెట్టారు. నిధులుంటే నివేదికలుంటాయి, నివేదికలుంటే అవి ఎరిక్‌లో చేరతాయి. అయితే ఆ పిల్లలు అమ్మానాన్నలతో కలిసి కదులుతారు, మారేది బడి. మన దగ్గర పిల్లా కదలదు, బడీ కదలదు. అమ్మే కదులుతుంది.

"పెట్టె మూసెయ్ అమ్మలూ. నీకేం తెలుసుకోవాలనుందో తెలుగులో చెప్పు" అన్నాను, డెస్క్ దగ్గరి అలవాటుకొద్దీ. కాసేపు గోళ్లు గిల్లుకుని అంది: "అమ్మ దగ్గర లేకపోవడం వల్ల చదువు పాడవుతోందా, అమ్మ పంపే డబ్బు వల్ల బాగుపడుతోందా? రెండూ జరిగితే ఏది ఎక్కువ?" అంత చక్కటి ప్రశ్న మనసులో పెట్టుకుని ఎదురుగా కువైట్, మదర్స్ అని కొడుతోంది పిచ్చిపిల్ల.

అక్కణ్ణుంచి దారి తేలికైంది. తల్లిదండ్రులు పనికి పోతే ఊళ్లో మిగిలిన పిల్లల మీద ప్రపంచంలో చాలా పని జరిగింది. వాళ్లని "లెఫ్ట్ బిహైండ్ చిల్డ్రన్" అంటారు. కానీ ఆ మాటల్ని విడివిడిగా కొడితే 2002లో బుష్ సంతకం పెట్టిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం మీద పడుతుంది. పరీక్షలు, స్కూళ్ల ర్యాంకులు, వాటి మీద తగువులు, పేజీలకి పేజీలు. మూడు మాటల్నీ కలిపి కొటేషన్ గుర్తుల్లో పెడితే ఆ చట్టం చాలావరకు పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు కనిపించింది చైనా. పల్లె వదిలి పట్నాల ఫ్యాక్టరీలకి పోయిన అమ్మానాన్నల పిల్లలు. తర్వాత ఫిలిప్పీన్స్, మెక్సికో, శ్రీలంక. శ్రీలంక నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి పోయిన తల్లులంటే అచ్చంగా మన కథే.

ఇక్కడే నేను అందరికీ చెప్పే కిటుకు ఉంది. ముప్ఫై కోసం పరిగెత్తకుండా ముందు ఒక్క మంచి వ్యాసం పట్టుకోవాలి. దాని రికార్డు కింద డిస్క్రిప్టర్లని ఉంటాయి. ఎరిక్ సిబ్బంది తమ పదకోశంలోంచి ఏరి తగిలించే పేర్లు, సుమారు 4,500 ఉన్నాయి. రచయిత ఏ మాట వాడినా ఒక విషయానికి అక్కడ ఒకటే పేరు. శ్రీలంక వ్యాసం కింద మైగ్రెంట్ వర్కర్స్, మదర్స్, పేరెంట్ చైల్డ్ రిలేషన్‌షిప్, అకడమిక్ అచీవ్‌మెంట్ అని ఉన్నాయి. ఒక్కోదాని మీద నొక్కితే అదే పేరున్న మిగతా వ్యాసాలన్నీ వస్తాయి. రెంటిని జతచేస్తే గుంపు పలచబడుతుంది. రొయ్యల చెరువులో వలకన్ను ఎంపిక లాంటిదే ఇది, ఏ సైజు కావాలో ముందే తేల్చుకోవాలి.

అన్నిటి కిందా ఒక పేరు మాత్రం తప్పకుండా ఉంది, ఫారిన్ కంట్రీస్. "ఇదేంటి పిన్నీ, శ్రీలంక ఎవరికి ఫారిన్?" అంది. అమెరికాకి. ఆ దేశం దాటి జరిగిన ప్రతిదానికీ ఆ చీటీ తగిలిస్తారు. రేపు సఖినేటిపల్లి మీద ఎవరైనా రాసినా అదే ఖాతాలో పడుతుంది. నేను అక్కడ ఏలియన్‌ని, ఆ మాట నా కాగితాల మీదే ఉంటుంది. మా ఊరు కూడా ఫారిన్ అని తెలిశాక మా అక్క పడీపడీ నవ్వింది.

పక్కనున్న లొకేషన్ వడపోతలో ఇండియా పెట్టమన్నాను. అప్పుడు యంగ్ లైవ్స్ తగిలింది. ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిచే ఈ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియాల్లో సుమారు 12,000 మంది పిల్లల్ని వెంబడిస్తోంది. ఇండియా వాటా 3,000 మంది, అందరూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. ఎంచుకున్న జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఉంది. ఆ పేరు చూడగానే అమ్మలు కుర్చీలో నిలబడినంత పని చేసింది. ఆ అధ్యయనం గల్ఫ్ తల్లుల కోసం చేసింది కాదు. కానీ ప్రైవేటు బడి మోజు, ఆడపిల్లల చదువు, అప్పుల గురించి ఆ సమాచారంతో రాసిన వ్యాసాలు మన నేల గురించినవి. నేపథ్యం అధ్యాయానికి అంతకంటే ఏం కావాలి?

ఈజే వ్యాసాల్లో చాలావాటికి సారాంశమే దొరుకుతుంది. మొత్తం కావాలంటే ప్రచురణకర్త డాలర్లు అడుగుతాడు. కట్టొద్దన్నాను. రచయితకి నాలుగు లైన్ల మెయిల్ రాస్తే చాలామంది సంతోషంగా పంపుతారు. ఫుల్ టెక్స్ట్ గడిలో మొదటే టిక్ పెట్టేసుకోవద్దని కూడా చెప్పాను. అలా చేస్తే ఉచితంగా దొరికిందే లోకమనిపిస్తుంది. మన దేశపు పీహెచ్‌డీలకి శోధ్‌గంగ ఉంది, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లది. పాతవాటికి 1974లో ఎం.బి. బుచ్ మొదలుపెట్టిన విద్యాపరిశోధన సర్వే సంపుటాలున్నాయి. వాళ్ల కాలేజీ లైబ్రరీలో దుమ్ము దులిపితే దొరుకుతాయట.

అడక్కపోయినా ఇంకొకటి చెప్పాను, దొరికిన పీడీఎఫ్ ఆ రోజే దింపుకోమని. 2012లో పాత పత్రాల్లో మనుషుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు బయటపడి ఎరిక్ పీడీఎఫ్‌లన్నీ కొన్నాళ్లు ఆపేశారు. 2025లో అమెరికా విద్యాశాఖలో సగం మంది ఉద్యోగాలకి ఎసరొచ్చినప్పుడు ఎరిక్ మీదా ఆ దెబ్బ పడింది, కొత్తగా చేర్చుకునే పత్రికలు తగ్గాయి. మా డెస్క్ దగ్గర ఆ వారం ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. ఊరికే వస్తోంది కదా ఎప్పటికీ ఉంటుందనుకున్నవాళ్లలో మేమే ముందున్నాం.

కోనసీమ గల్ఫ్ తల్లుల పిల్లల చదువు మీద మాత్రం ఎరిక్‌లో మాకేమీ చిక్కలేదు. "అయితే దీని మీద ఎవరూ పరిశోధన చేయలేదని రాసేస్తా" అంది ఉషారుగా. అలా రాయొద్దన్నాను. ఏ డేటాబేస్‌లో, ఏ మాటలతో, ఏ తేదీన వెతికితే కనిపించలేదో అది రాయమన్నాను. తెలుగులో అచ్చయిన ఏ చిన్న పుస్తకంలోనో ఉండొచ్చు, ఎరిక్‌కి అది కనపడదు.

ముప్ఫై కాలేదు. కానీ చదివినవి నిజంగా చదివింది. దాంతో ప్రశ్నావళి మారిపోయింది. ముందు అందులో "తల్లి విదేశంలో ఉందా, అవును, కాదు" అన్న గడి ఒక్కటే ఉంది. ఇప్పుడు అమ్మ వెళ్లేనాటికి పిల్ల వయసెంత, ఎవరి దగ్గర పెరుగుతోంది, ఆ పెద్దామెకి చదవడం వచ్చా, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరిది, వారానికి ఎన్నిసార్లు ఫోను, పంపిన డబ్బులో బడికెంత, అప్పుకెంత అని అడుగుతోంది. 2020లో అమ్మఒడి వచ్చినప్పుడు డబ్బు తల్లి ఖాతాలో పడిందా, సంరక్షకుల ఖాతాలోనా అన్నది కూడా చేర్చింది. ఆ ప్రశ్న ఏ విదేశీ వ్యాసంలోంచీ రాలేదు, ఎదురింటి అమ్మమ్మ బ్యాంకు చుట్టూ తిరిగిన కథలోంచి వచ్చింది.

బళ్లలోకి వెళ్లాలంటే మండల విద్యాధికారి, ఎం.ఈ.ఓ. గారి అనుమతి కావాలి. ఆఫీసులో గుమాస్తా "ఆయ్, సారు మీటింగులో ఉన్నారండీ, సోమవారం రండి" అన్నాడట. గైడ్ మేడమ్ మాత్రం ముప్ఫైకి తక్కువైతే ఒప్పుకోనంటున్నారు. చదివినవాటి జాబితా, వెతికిన మాటల పట్టికతో సహా తీసుకెళ్లి చూపించి వాదించమని చెప్పాను. వాళ్లమ్మ అవే మాటలు అంటే వినని పిల్ల, ఈసారి నోట్‌బుక్ తీసి రాసుకుంది.