ఫెలోషిప్ వెతుక్కునే ముందు ఈ రెండు ప్రశ్నలు అడగండి

ఇఎన్‌టి పీజీ పూర్తిచేసి, ఫెలోషిప్ (పీజీ తర్వాతి ప్రత్యేక శిక్షణ)తో స్వరపేటిక వైపు వెళ్దామనుకునే జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది, "మేడమ్, ఏ సెంటర్లో చేతికి ఆపరేషన్లు బాగా దొరుకుతాయి?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ అంతకంటే ముందు ఇంకో రెండు అడగమంటాను. అక్కడి వాయిస్ క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్ట్ డాక్టర్ పక్కనే కూర్చుంటారా, లేక చీటీ రాసి వేరే చోటికి పంపేస్తారా? ఆపరేషన్ అయిన పేషెంట్లను కొన్ని నెలల తర్వాత పిలిచి మళ్లీ స్ట్రోబోస్కోపీ, అంటే మెరిసే లైట్‌తో స్వరతంత్రుల కదలిక చూసే పరీక్ష, చేస్తారా? రెండింటికీ అవుననే చోట కేసులు కాస్త తక్కువైనా అక్కడికే వెళ్లండి.

దీనికి కారణం స్వరతంత్రి నిర్మాణంలోనే ఉంది. జపాన్ స్వరపేటిక నిపుణుడు మినోరు హిరానో 1970లలో వివరించినట్టు, లోపల కండరం ఉంటుంది, దాని మీద మెత్తటి పొర వదులుగా అలలా కదులుతుంది. మన స్వరం ఆ అల మీదే ఆధారపడుతుంది. కత్తెర ఆ మెత్తటి పొరను దాటి లోతుకు వెళ్తే మచ్చ పడి తంత్రి బిగుసుకుపోతుంది. దాన్ని పూర్తిగా మునుపటిలా చేసే చికిత్స ఇప్పటికీ లేదు. అందుకే ఎవరికి ఆపరేషన్ అక్కర్లేదో గుర్తుపట్టడం మా పనిలో చాలా పెద్ద భాగం.

నాడ్యూల్స్, అంటే తంత్రి అంచున వచ్చే చిన్న గట్టి బుడిపెలు, సాధారణంగా రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా వస్తాయి, చాలామందికి థెరపీతోనే తగ్గుతాయి. సిస్ట్ (తంత్రి లోపల ఏర్పడే చిన్న సంచిలాంటి గడ్డ) అయితే తరచూ ఆపరేషన్ దాకా వెళ్తుంది. మామూలు లైట్‌లో చూస్తే ఒక్కోసారి తేడా తెలియదు. మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల తంత్రులు సెకనుకు దాదాపు 200 సార్లు కంపిస్తాయి, అది కంటికి అందదు. పేషెంట్ "ఈ..." అని సాగదీస్తుంటే స్ట్రోబ్ లైట్ ఆ శ్రుతికి కొంచెం తేడాగా మెరుస్తూ, ఎన్నో కంపనాల నుంచి ఏరిన ముక్కలతో నెమ్మదిగా కదిలే బొమ్మ చూపిస్తుంది. సిస్ట్ ఉన్నచోట అల ఆగిపోవడం అప్పుడు కనబడుతుంది. స్వరం మరీ గరగరలాడితే మెషీన్‌కు శ్రుతి దొరకదు, బొమ్మ చెదిరిపోతుంది. అలాంటి వీడియోను నమ్మి రిపోర్టు రాయకూడదని కూడా పక్కన కూర్చున్నవాళ్లే నేర్పాలి.

ఫెలోషిప్‌లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక అలవాటు. మా సీనియర్ స్క్రీన్ ఆపేసి ముందు గొంతు మాత్రమే వినిపించేవారు. జీఆర్‌బీఏఎస్ స్కేల్ మీద, అంటే మొత్తం తీవ్రత, గరగర, గాలి పోవడం, నీరసం, బిగింపు, ఈ ఐదింటికీ 0 నుంచి 3 వరకు మార్కులు వేయాలి. తర్వాత థెరపిస్ట్ వేసిన మార్కులతో పోల్చుకోవాలి. ఆ తర్వాతే వీడియో. ఇది ఏ ఆస్పత్రిలో ఉన్నా ఇవాళే మొదలుపెట్టొచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఆపరేషన్ల విషయానికొస్తే, డిసెక్షన్ కోర్సులు మంచివే. పంది స్వరపేటిక మీద మైక్రోఫ్లాప్, అంటే తంత్రి పైపొరను పలచగా, లేపడం చేతికి నిలకడనిస్తుంది. అయితే కోర్సు అయిన వెంటనే కేసులు దొరికేలా చూసుకోండి, లేకపోతే ఆ నైపుణ్యం నిలవదు. పూర్తి మత్తు ఇవ్వకుండా క్లినిక్‌లోనే తంత్రికి చేసే ఇంజెక్షన్లు తప్పకుండా నేర్చుకోండి. జపాన్ సర్జన్ ఇషికి 1970లలో వర్ణించిన థైరోప్లాస్టీ (స్వరపేటిక మృదులాస్థి వైపు నుంచి తంత్రి స్థానాన్ని సరిచేసే ఆపరేషన్) కూడా చాలాచోట్ల పేషెంట్ మెలకువగా ఉండగానే చేస్తారు. ఇంప్లాంట్ కాస్త జరిపి, "ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి" అంటే గొంతు అక్కడే మారడం వినిపిస్తుంది. చెవి తయారుగా ఉన్న డాక్టర్‌కే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

కాన్ఫరెన్సుల్లో నాకు ఇష్టమైనది 1969లో పుట్టిన వాయిస్ ఫౌండేషన్ ఏటా ఫిలడెల్ఫియాలో పెట్టే సింపోజియం. సర్జన్లు, థెరపిస్టులు, గాయకులు, సంగీతం నేర్పేవాళ్లు అక్కడ ఒకే హాల్లో కూర్చుంటారు. యూరోపియన్ లారింజలాజికల్ సొసైటీ సభలు రెండేళ్లకోసారి జరుగుతాయి. వెళ్లగలిగితే మీ పని ఫలితాలు చూపే ఒక పోస్టర్‌తో వెళ్లండి, పెద్దవాళ్లు మీ దగ్గర ఆగి మాట్లాడటానికి అదొక సాకు. పోస్టర్‌కు డేటా ఎక్కడిదని టెన్షన్ పడొద్దు. ప్రతి పేషెంటుకూ చికిత్సకు ముందు, తర్వాత రికార్డింగ్, గొంతు సమస్య తనను ఎంత ఇబ్బంది పెడుతోందో పేషెంటే చెప్పే పది ప్రశ్నల వీహెచ్ఐ-10 స్కోరు దాచుకుంటే చాలు.

ఇక ఉద్యోగం. చేరాక అడుగుదాంలే అని ఊరుకోకండి. స్ట్రోబోస్కోప్, థెరపిస్ట్ పోస్టు, వారంలో ఒక పూట వాయిస్ క్లినిక్, ఈ మూడూ ఆఫర్ లెటర్‌లో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.