అల్ ఖర్జ్ దాణా మిల్లులో కాంటా పని

సౌదీ అరేబియాలో రియాద్‌కు ఆగ్నేయంగా ఉన్న అల్ ఖర్జ్ పాడికీ కోళ్ల పెంపకానికీ పేరున్న ప్రాంతం. ఆ చుట్టుపక్కల ఒక దాణా మిల్లులో నాది కాంటా పని. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా కట్టడాల పనిలోనో డ్రైవింగ్‌లోనో ఉంటారు కాబట్టి, ఈ పనిలో ఉన్న ఒత్తిడి మనవాళ్లకు అంతగా తెలియదు.

మా మిక్సర్‌లో ఒక్కో బ్యాచ్‌కు 2 టన్నుల దాణా కలుస్తుంది. బ్రాయిలర్ కోళ్ల దాణా అయితే అందులో 1,200 కిలోల దాకా మొక్కజొన్న, 600 కిలోల దాకా సోయా చెక్క ఉంటాయి. వీటిని సైలోల (గింజ నిలవచేసే ఎత్తైన గాదెలు) నుంచి స్క్రూలు, అంటే గొట్టంలో తిరుగుతూ గింజను ముందుకు నెట్టే మరలు, లాగి పెద్ద కాంటా హాపర్‌లో (గరాటు లాంటి తొట్టి) పోస్తాయి, బరువును దానికి అమర్చిన లోడ్ సెల్స్ అనే సెన్సర్లు చూపిస్తాయి. స్క్రూ ఆగిన తరువాత కూడా గాలిలో ఉన్న గింజ హాపర్‌లో పడుతూనే ఉంటుంది గనుక, లెక్క కుదరాలంటే కావలసిన బరువు కంటే కాస్త ముందే స్క్రూను నెమ్మదింపజేసి ఆపాలి. అక్కడ 5 కిలోలు అటూ ఇటూ అయినా అది 1,200 కిలోల్లో అర శాతం కూడా కాదు. దానికోసం మిక్సర్‌ను ఆపి కూర్చోవడం వృథా అని నేను గట్టిగా నమ్ముతాను. అన్ని దినుసులనూ ఒకే నిష్ఠతో తూచాలనేవాళ్లు, నిజంగా జాగ్రత్త కావలసిన చోటికి వచ్చేసరికి సమయం చాలక తొందరపడడం చాలాసార్లు చూశాను.

జాగ్రత్త కావలసింది, కొద్ది మోతాదులో పడే దినుసులను తూచే ప్రీమిక్స్ గదిలో. ఉప్పు, లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు, విటమిన్లు, మందులు అక్కడ చిన్న కాంటా మీద చేత్తో తూచాలి. కోళ్లకు రక్తపు విరేచనాలు తెచ్చే కాక్సిడియోసిస్ రాకుండా వేసే సాలినోమైసిన్‌ను తీసుకుందాం. 12 శాతం మందు ఉన్న పొడి టన్నుకు 500 గ్రాములు, అంటే బ్యాచ్ మొత్తానికి ఒక్క కిలో పడుతుంది. మొక్కజొన్నలో లెక్కలోకి రాని 5 కిలోల తేడా ఈ పొడిలో వస్తే, ఐదు బ్యాచ్‌ల మందు అదనంగా పడినట్టే. మోతాదు మించితే కోళ్లు మేత తగ్గించి ఎదుగుదల కోల్పోతాయి. గుర్రాలకూ ఒంటెలకూ ఈ మందు విషం, గుండెనూ కండరాలనూ దెబ్బతీస్తుంది. 2007లో ఈ దేశంలోనే వాది అద్దవాసిర్ ప్రాంతంలో ఒంటెలు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు, వాటి దాణాలో సాలినోమైసిన్ బయటపడింది. కోళ్ల దాణా చేసిన లైన్‌లోనే ఒంటెల దాణా చేసే మిల్లులో పనిచేసేవాడికి ఈ సంగతి ప్రతి షిఫ్టులోనూ గుర్తుండాలి.

కాంటా దగ్గర ఎదురయ్యే అసలు ప్రమాదం గ్రాముల తేడా కూడా కాదు. ఒకే సంచిని రెండుసార్లు వేయడమో, ఒకసారి మరిచిపోవడమో జరిగితే తప్పు నూటికి నూరు శాతం అవుతుంది. సూపర్‌వైజర్ “యల్లా, యల్లా” అంటూ తొందరపెడుతున్నప్పుడు ఈ తప్పే జరుగుతుంది, ఎందుకంటే అప్పుడు చెయ్యి అలవాటు మీద నడుస్తుంది, లెక్క మనసులో నిలవదు. అందుకే షిఫ్టులో ఎన్ని బ్యాచ్‌లు ఉంటే అన్ని సంచులు ముందే తూచి, మందును బట్టి రంగు చీటీ అంటించి, వరుసగా పెట్టుకుంటాను. ఖాళీ అయిన సంచిని పారేయకుండా బ్యాచ్ షీటు పక్కనే ఉంచుతాను. చివర్లో నిండు సంచి ఒకటి మిగిలితే ఏదో బ్యాచ్‌లో మందు పడలేదన్నమాట, ఆ దాణా గేటు దాటకముందే ఆపవచ్చు.

నిజామాబాద్ నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడు ఒకడు, “అన్నా, గా అంకె నిలిచేదాంక గంతసేపు ఆగుడెందుకే?” అని అడిగాడు. నేను ఏమీ చెప్పకుండా గోడ ఫ్యాను వేసి, ఖాళీ పళ్లెం చూడమన్నాను. దాని మీద ఏమీ లేకపోయినా గాలికి అంకె 10, 15 గ్రాములు ఊగుతోంది. ఫ్యాను ఆపాక, పళ్లెం కింద చేరిన పొడిని బ్రష్‌తో తుడిచాక సున్నా దగ్గర కుదురుకుంది. ఆ రెండు మూడు క్షణాలు తగ్గించి ఎవరూ టన్నులు పెంచలేరు. వేగం కావాలంటే ఉప్పు గడ్డలు ముందే చిదిపి పెట్టుకోవాలి, ఒక్కో పొడికి ఒక్కో గరిటె ఉంచాలి, ఎక్కువ వాడే డబ్బాలు చేతికి అందే ఎత్తులో ఉండాలి, షిఫ్టు మొదట్లోనే తెలిసిన బరువు రాయి పెట్టి కాంటాను సరిచూసుకోవాలి. ఇవన్నీ ఉంటే మిక్సర్ నా కోసం ఆగవలసిన అవసరం రాదు.

మిల్లు బోర్డు మీద రోజూ ఎన్ని టన్నులు దిగాయో రాస్తారు. గోదాములో తగ్గిన మందుకూ షీటులో రాసిన మందుకూ తేడా ఎంతో కూడా దాని పక్కనే రాయాలని యాజమాన్యాన్ని అడుగుతూ వస్తున్నాను. రాత్రి షిఫ్టులో ప్రీమిక్స్ గదికి రెండో మనిషిని ఇవ్వాలనీ అడిగాను. ఒకరు తూస్తుంటే మరొకరు అంకెను పైకి చదివి సంతకం పెట్టాలి. ఈ రెండింటిలో మొదటిది రంజాన్ తరువాత మొదలుపెడతామన్నారు, రెండోదానికి ఇంకా జవాబు రాలేదు.