పుట్టినట్టు కాగితం

నిన్న మధ్యాహ్నం జాక్సన్స్ ఎయిర్‌పోర్టులో కుర్రాణ్ణి బ్రిస్బేన్ విమానం ఎక్కించి వచ్చాను. ఒళ్ళు మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో నేను అకౌంటెంటుని, వచ్చి 14 ఏళ్ళయింది. కుర్రాడు మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకు. వాళ్ళది కొండల్లో సింబు ప్రాంతం, కుందియావా ఊరి దగ్గర. ఆడేది రగ్బీ లీగ్. తెలియనివాళ్ళకి చెప్తున్నా: జట్టుకి 13 మంది, బంతి పట్టుకు పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్ళు పట్టి పడేస్తారు, ఆరోసారి కూడా పడితే బంతి వాళ్ళకి పోతుంది. మన కబడ్డీకి ఓ బంతిచ్చి, వంద కిలోల మనుషుల్ని దింపినట్టుంటుంది. పాపువా న్యూగినీలో దీని పిచ్చి ముందు మన క్రికెట్ పిచ్చి ఏ మూలకీ రాదు. 2028లో ఆస్ట్రేలియా పెద్ద లీగ్‌లోకి ఈ దేశపు జట్టు దిగుతోంది. ఆ జట్టుకీ, పసిఫిక్ దేశాల్లో ఆటకీ కలిపి పదేళ్ళకి 60 కోట్ల డాలర్లు పెడతామంది ఆస్ట్రేలియా ప్రభుత్వం. ఇక సింబులో ఏ తల్లి నోట విన్నా జస్టిన్ ఓలమ్ పేరే. 'లే' (Lae) అనే ఊళ్ళో ఫిజిక్స్ చదువుకున్న కొండ కుర్రాడు, 2020లో మెల్బోర్న్ స్టార్మ్ జట్టుతో ఆ పెద్ద లీగ్ కప్పు కొట్టాడు మరి.

ఆటతో ఏ ఇబ్బందీ రాలేదు. క్వీన్స్‌లాండ్‌లో ఒక క్లబ్బువాళ్ళు వీడి వీడియోలు చూసి ఒక సీజన్‌కి రమ్మన్నారు. మెడికల్, ఎక్స్‌రే ఒక్క పూటలో అయిపోయాయి. పాస్‌పోర్టు వచ్చాక 408 వీసా, అంటే ఆటలాంటి పనుల మీద కొంతకాలానికి వెళ్ళేవాళ్ళకి ఆస్ట్రేలియా ఇచ్చే వీసా, కాగితాలు నేనే పెట్టాను, ఒక్క ప్రశ్న వేయకుండా ఇచ్చారు. పాతికేళ్ళు ఆడిట్ ఫైళ్ళు కట్టిన చెయ్యి ఇది!

చచ్చింది పాస్‌పోర్టు దగ్గరే. దానికి బర్త్ సర్టిఫికెట్ కావాలి. వీడు పుట్టింది ఊళ్ళో, ఇంట్లోనే.

ఎప్పుడు పుట్టాడని అడిగితే, "స్వాతంత్ర్యం వచ్చి 30 ఏళ్ళని పండగ చేసిన ఏడాది, కాఫీ కోతలప్పుడు" అంది వాళ్ళమ్మ. స్వాతంత్ర్యం 1975లో, అంటే 2005. కోతలేమో నెలల తరబడి సాగుతాయి. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. నన్ను బళ్ళో వేసినప్పుడు హెడ్మాస్టరుగారు జూన్ 1 అని రాసేశారు, మా క్లాసులో సగం మందిమి ఆరోజే పుట్టాం. మా అమ్మ లెక్కలో మాత్రం నేను దివిసీమ ఉప్పెన ముందు శ్రావణంలో పుట్టినవాణ్ణి.

ఆవిడ తన బిలుంలోంచి, అంటే ఇక్కడి ఆడవాళ్ళు దారంతో అల్లుకుని తలకి వేలాడేసుకునే సంచిలోంచి, ప్లాస్టిక్‌లో చుట్టిన టీకాల పుస్తకం తీసింది. పొయ్యి పొగకి అట్ట గోధుమరంగు తిరిగింది. లోపల బరువు గీత మూడు చుక్కలు నడిచి ఆగిపోయింది. నెల దగ్గరున్న అంకె 6 కావచ్చు, 8 కావచ్చు. చర్చివాళ్ళ బాప్తిస్మం కాగితంలో జూలై. క్లబ్బు ఫారంలో జనవరి 1, అది వీడే వేసుకున్నాడు.

మూడు పుట్టినరోజులతో బర్త్ సర్టిఫికెట్లిచ్చే ఆఫీసు కౌంటరుకెళ్ళాం. "కమ్ బెక్ టుమోరా." రేపు రమ్మని. రేపు వెళ్తే సిస్టమ్ పనిచెయ్యదు, ఎల్లుండి సంతకం పెట్టేవాడు రాడు. మా ఊళ్ళో ఒకప్పుడు దయ్యం రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. ఐదు వారాలు ఆ దయ్యం బతుకే నాది. కౌన్సిలరు ఉత్తరం కావాలన్నారు. కొండలకీ రాజధానికీ రోడ్డే లేదు, విమానంలో వచ్చే వాంటోక్, అదే వాళ్ళ భాషవాడు, ఎవడో ఒకడు పట్టుకు రావాలి.

అదీ తెప్పించాం. ఆరోసారి వెళ్తే కౌంటరులో కూర్చున్నాయన కుర్రాణ్ణి కిందినుంచి మీదిదాకా చూసి, "ఇరవయ్యా? వీడికి పిల్లలుండాలే!" అని నవ్వాడు. వెనక లైనంతా నవ్వింది. వాడు తల దించుకుని ఆ పెద్ద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో కుక్కుకున్నాడు. ఆయన నావైపు తిరిగాడు. "నువ్వెవరు? తండ్రివా? వాంటోక్‌వా? కాదుగా. వీణ్ణి అమ్మితే నీకెంత?"

నా మొహంలో నెత్తురుచుక్క లేదు. మా ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కా, టై, చేతిలో రంగు రంగుల ట్యాబులు పెట్టిన ఫైలు. సరిగ్గా ఏజెంటు వేషమే. బయటికి పొమ్మన్నాడు. నిద్రగన్నేరు చెట్టు కింద, వక్క ఉమ్ములు పడి ఎర్రబడ్డ అరుగు మీద గంటసేపు కూర్చున్నాను. ఏజెంట్లు లేరని కాదు, కుర్రాళ్ళని తీసుకెళ్ళి వదిలేసేవాళ్ళున్నారు. అయినా ఆయన మొహం నేను మర్చిపోను.

ఈలోగా వాళ్ళమ్మ పక్క కిటికీలో సింబు యాస విని, అక్కడున్న ఆవిణ్ణి పలకరించిందట. మీదే ఊరు, ఎవరి కోడలివి, అంతే. ఐదు వారాల పని నలభై నిమిషాల్లో తేలింది. బాప్తిస్మం తేదీ ఖాయం చేశారు. నా ఫైలు ఎవరూ తెరిచి కూడా చూళ్ళేదు.

వెళ్ళేవాళ్ళకి చెప్తున్నా: టై కట్టుకోకండి. జీతాలిచ్చే శుక్రవారం అసలు పోకండి. టీకాల పుస్తకం ప్రాణం పోయినా పారేయకండి.

నిన్న చెక్-ఇన్ దగ్గర ఏదో ఫారం ఇచ్చారు. కుర్రాడు పేరు రాశాడు, ఊరు రాశాడు, పుట్టినతేదీ గడి దగ్గర పెన్ను ఆపి నావైపు తిరిగాడు.

"అంకుల్, ఇప్పుడు నాది ఏది?"