టేలర్ స్విఫ్ట్ టికెట్లు, మా తోడల్లుడి కార్డు

టికెట్లు దొరికాయి. కావాల్సినవి నాలుగు, దొరికినవి రెండు, ఆ రెండింటిలో నాది లేదు. వారం రోజులు నిద్ర పాడుచేసుకున్నవాణ్ణి నేనే కాబట్టి కోపం చల్లారకముందే రాసిపెడుతున్నాను.

మేముండేది అమెరికాలో, అట్లాంటాకు ఉత్తరాన, కమింగ్‌లో. 2022 నవంబరు 1న పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ కొత్త పాటకచేరీల టూర్ ప్రకటించింది. 2018 తర్వాత ఆవిడ మళ్లీ టూరుకు బయల్దేరడం ఇదే. 2020లో పెట్టుకున్న షోలు కరోనాలో కొట్టుకుపోయాయి. అట్లాంటా మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో 2023 ఏప్రిల్ 28, 29, 30, మూడు రాత్రులు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా ఈ విషయం చెప్పింది. టికెట్ ధర 49 డాలర్ల నుంచి 449 దాకా అని చూసి, సరే, పుట్టినరోజు కానుక అనుకుందాంలే అన్నాను. ఆ ఒక్క మాటతో ఇరుక్కున్నాను.

టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సైటులో పేరు నమోదు చేసుకోవడం రెండు నిమిషాల పని. 9వ తేదీ దాకా గడువు. మా అమ్మాయి, మా ఆవిడ, నేను ముగ్గురం మూడు ఈమెయిళ్లతో చేశాం. టికెట్లు దళారుల చేతిలో, రోబోల (మనుషుల బదులు టికెట్లు కొనే కంప్యూటర్ ప్రోగ్రాముల) చేతిలో పడకుండా నిజమైన అభిమానులకే ముందుగా అమ్ముతారట. దానికి 'వెరిఫైడ్ ఫ్యాన్' అని పేరు. 2020లో రద్దయిన షోలకు టికెట్లు కొన్నవాళ్లకు కొంచెం ప్రాధాన్యం కూడా ఉందట. ఫలితం 14వ తేదీ సాయంత్రం వచ్చింది. మా అమ్మాయికి వెయిటింగ్ లిస్టు. మా ఆవిడకూ వెయిటింగ్ లిస్టే. టేలర్ స్విఫ్ట్ పాట ఒక్కటి కూడా మొదటి నుంచి చివరి దాకా వినని నాకు మాత్రం టికెట్లు కొనడానికి కోడ్ వచ్చింది. పిల్లకు సంతోషమో ఏడుపో తెలియని మొహం. "నీకెందుకు వచ్చింది నాన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పుకోవాలి. నేను తెనాలిలో పెరిగినవాణ్ణి. కొత్త సినిమా విడుదల రోజు, ఒక్క మనిషి పట్టే ఇనప కటకటాల సందులో యాభై మందిమి దూరేవాళ్లం. బుకింగ్ కిటికీ కన్నం పిడికిలి పట్టేంతే ఉండేది. అందులో ఒకేసారి నాలుగు చేతులు. నోటు నలిపి పిడికిట్లో పెట్టుకుని దూర్చాలి, టికెట్లు చేతిలో పడ్డాక పిడికిలి విప్పకుండా వెనక్కి లాక్కోవాలి. రేకు అంచు కోసుకున్న గీత నా కుడి మణికట్టు మీద ఇప్పటికీ ఉంది. మా వీధిలో ఎవరికి మొదటి ఆట టికెట్లు కావాలన్నా నన్నే పంపేవాళ్లు. ఒక్కసారి కూడా వట్టి చేతులతో తిరిగి రాలేదు. అందుకే ఈ ఆన్‌లైన్ క్యూ నాకో లెక్కా అనుకున్నాను.

మంగళవారం, 15వ తేదీ. ఆఫీసుకు ఇంటి నుంచే పని చేస్తానని చెప్పేశాను. అమ్మకం పదింటికి. తొమ్మిదిన్నరకే లాగిన్ అయి కూర్చున్నాను. పది కాగానే తెర మీద ఒక గీత, దాని మీద నడుస్తున్నట్టు ఒక బొమ్మ మనిషి, కింద "మీ ముందు 2000 కంటే ఎక్కువ మంది ఉన్నారు" అన్న మాట వచ్చాయి. ఈ మాటలోనే మోసమంతా ఉంది. ముందున్నది రెండు వేల ఒక్కరైనా అదే మాట, రెండు లక్షల మందైనా అదే మాట. తెనాలిలో అయితే ముందున్నవాళ్ల తలకాయలు లెక్కపెట్టుకోవచ్చు, వెనక్కి తిరిగి ఇంకా ఎంతమంది ఉన్నారో చూసి గర్వపడనూ వచ్చు. ఇక్కడ ఒక్క తలకాయా కనబడదు. పదకొండింటికి బొమ్మ మనిషి వేలెడు దూరం నడిచాడు. పన్నెండింటికి క్యూ ఆపేశామని రాశారు. మా అమ్మాయి స్కూలు బాత్‌రూమ్ నుంచి పది నిమిషాలకోసారి మెసేజి పెడుతోంది, "ఎక్కడిదాకా వచ్చాం?" అని.

నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఒకటిన్నర ప్రాంతంలో ఓపిక పోయి, అదే అకౌంటుతో ఇంకో ట్యాబు కూడా తెరిచాను. రెండూ కలిసి నన్ను బయటకు నెట్టేశాయి. మళ్లీ క్యూ చివరికి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

రెండున్నర దాటాక లోపలికి వదిలారు. కోడ్ కొడితే చెల్లదంది. మళ్లీ కొడితే చెల్లిందంది. స్టేడియం బొమ్మ తెరుచుకుంది, నీలం చుక్కలు ఖాళీ సీట్లు. ఒక చుక్క నొక్కితే, ఇంకో అభిమాని మీకంటే ముందు తీసేసుకున్నారు అంటుంది. పక్క చుక్క నొక్కితే అదే మాట. పదిహేను, ఇరవై చుక్కలు నొక్కి ఉంటాను. బయట బోర్డు పెట్టకుండా, కిటికీ తెరిచే ఉంచి, చెయ్యి పెట్టిన ప్రతివాడికీ టికెట్లు అయిపోయాయని చెప్పే బుకింగ్ క్లర్కును నేనింతవరకు చూడలేదు. నాలుగింటికి నీలం చుక్కలు కూడా పోయాయి.

ఇదంతా ఒక ఎత్తు, బుధవారం ఒక ఎత్తు.

ఒక బ్యాంకు కార్డున్నవాళ్లకు విడిగా ఇంకో ముందస్తు అమ్మకం ఉంది. మంగళవారమే జరగాల్సింది, ఈ గందరగోళం వల్ల బుధవారం మధ్యాహ్నం రెండింటికి మార్చారు. మా ఇంట్లో ఆ కార్డు లేదు. ఆ కార్డు ఉన్న మనిషి మాకు తెలిసినంతలో ఒక్కరే, మా తోడల్లుడు. ఆల్ఫరెట్టాలో ఉంటారు. కిందటేడు సంక్రాంతికి అందరి ముందూ, ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఉచితంగా ఇచ్చే సూపు కోసం ఏడాదికి అంత ఫీజు కడతారా అన్నయ్య గారూ అని ఆ కార్డు మీదే నేను పరాచికాలాడాను. ఆయన ఆ రోజు నవ్వారు. మర్చిపోలేదని మంగళవారం రాత్రి తెలిసింది.

ఫోన్ చేస్తే, "కార్డు నెంబర్లు ఫోన్లో చెప్పను తమ్ముడూ, మంచిది కాదు. ఇంటికి రా" అన్నారు. వెళ్లాను. సోఫాలో కూర్చోబెట్టారు. వదిన పులిహోర పెట్టింది. అరగంట పాటు రిటైర్మెంట్ ప్లానింగు గురించి, ఇంటి లోను మళ్లీ మార్చుకోకపోవడం వల్ల నేను పోగొట్టుకున్న డబ్బు గురించి చెప్పారు. అప్పుడు లేచి, బీరువా సొరుగులోంచి కార్డు తీసి, నా చేతికివ్వకుండా తన చేతిలోనే పట్టుకుని అంకెలు చదివారు. నేను మా అమ్మాయి లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో డిక్టేషన్ రాసినట్టు రాసుకున్నాను. "ఏడా, ఒకటా?" అని అడిగితే, "కళ్లద్దాలు మార్పించుకో" అన్నారు. బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర, "మన పెద్దదానికి కూడా ఒకటి తియ్యి. మూడు బదులు నాలుగు" అన్నారు. పెద్దదంటే వాళ్లమ్మాయి. కాదనే స్థితిలో ఉన్నానా?

బుధవారం రెండింటికి మళ్లీ క్యూ. ఆ కార్డు మొదటి అంకెలే లోపలికి వెళ్లే కోడ్, డబ్బు కట్టాల్సిందీ ఆ కార్డుతోనే. నాలుగు దాటాక లోపలికి వెళ్లాను. అరగంట చుక్కలు నొక్కాక నాలుగు సీట్లు, నాలుగూ పక్కపక్కన, చేతికి చిక్కాయి. పైన, స్టేడియం కప్పుకు దగ్గర, అయినా స్టేజీకి ఎదురుగానే. డబ్బు కట్టడానికి టైమరు మొదలైంది. అంకెలన్నీ నోటుబుక్కులో చూసి కొట్టాను. కొను అని నొక్కాను. కార్డు నిరాకరించారని ఎర్రటి గీత.

విషయం తర్వాత తెలిసింది. ఎప్పుడూ ఆఫీసు ప్రయాణాలకు తప్ప వాడని కార్డు మీద ఒక్కసారిగా వందల డాలర్ల పాటకచేరీ టికెట్లు, అదీ వేరే ఇంటి నుంచి. బ్యాంకుకు అనుమానం వచ్చి, ఈ కొనుగోలు మీరే చేస్తున్నారా, అయితే అవునని జవాబివ్వండి అని మెసేజి పంపింది. కార్డు ఎవరిదో వాళ్ల ఫోనుకు.

అన్నయ్య గారికి ఫోన్ చేశాను. తియ్యలేదు. మళ్లీ చేశాను. తియ్యలేదు. వదినకు చేశాను. "డెమో ఇస్తున్నారు, తలుపేసుకున్నారు" అంది. "తలుపు కొట్టు వదినా, రెండు నిమిషాలే ఉంది" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. వదిన కొట్టింది. ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంది కాబట్టి నాకన్నీ వినిపిస్తున్నాయి. తలుపు చప్పుడు, ఆయన ఇంగ్లీషులో ఏదో అంకెలు చెప్పడం, వదిన "మరిది గారికి టికెట్లకు మీరు అవుననాలట" అని పెద్దగా అనడం, ఆ తర్వాత గదిలో ఒక నిశ్శబ్దం. ఆయన మైకు ఆపలేదు. అవతల ఎంతమంది క్లయింట్లున్నారో, అందులో తెలుగువాళ్లెందరో నాకు తెలియదు. నలభై సెకన్లు, ముప్పై, పది. సున్నా అయింది. నాలుగు సీట్లూ పోయాయి. యాభై ఏళ్లకు దగ్గరపడినవాణ్ణి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని "ఒక్క అవును, ఒక్క అవును" అని గొణుక్కుంటూ ఉన్నాను. మా ఆవిడ వెనక నిలబడి అంతా చూసింది, ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే నయంగా ఉండేది.

మూడు నిమిషాల తర్వాత ఆయన ఫోన్ చేశారు. "ఏమయ్యా, పాటల కోసం మనుషుల ఉద్యోగాలు పోవాలా?" అన్నారు. క్షమించమన్నాను. రెండుసార్లు అన్నాను. అవునని జవాబిచ్చారు. మళ్లీ వెతికితే రెండే దొరికాయి, పక్కకు, స్టేజీ సగం కనబడేవి. ఒక్కొక్కటి 99 డాలర్లు, దాని మీద సర్వీసు ఫీజు అని ఇంకొంత. ఏం సర్వీసు చేశారో నన్నడగొద్దు. ఈసారి కార్డు ఒప్పుకుంది. డబ్బు ఆయనకు ఆ రాత్రే పంపేశాను. కార్డు పాయింట్లు మాత్రం ఆయనవే.

గురువారం ఇంకో వార్త. శుక్రవారం అందరికీ జరగాల్సిన మామూలు అమ్మకమే రద్దు చేశారు, అమ్మడానికి తగినన్ని టికెట్లు మిగల్లేదట. టికెట్‌మాస్టర్ కంపెనీ తన సంజాయిషీలో చెప్పిన లెక్కలు చదివాను. పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు 35 లక్షలు. కోడ్‌లు ఇచ్చింది 15 లక్షల మందికి. కోడ్ లేనివాళ్లూ రోబోలూ కలిసి మీద పడ్డాయట, 350 కోట్ల సార్లు సైటు తలుపు కొట్టారట. ఒక్క రోజులో 20 లక్షలకు పైగా టికెట్లు అమ్మామని, ఒక కళాకారిణికి ఒక్క రోజులో ఇదే రికార్డని అదే సంజాయిషీలో గొప్పగా రాసుకున్నారు. క్షమాపణ చెబుతూ గొప్పలు చెప్పుకోవడం మా తోడల్లుడికి కూడా చేతకాదు.

అదే వారం రీసేల్ సైట్లలో ఇవే టికెట్లు వేల డాలర్లకు కనిపించాయి. తెనాలిలో హాలు బయట "అయిదు ఇరవై, అయిదు ఇరవై" అని పెదవులు కదపకుండా గొణిగే బ్లాకువాళ్లుండేవారు. వాళ్లు కనీసం పోలీసును చూస్తే సందులోకి పరిగెత్తేవాళ్లు. వీళ్లు రంగురంగుల వెబ్‌సైటు పెట్టుకుని, సీటు నెంబరుతో సహా అమ్ముతున్నారు. ఎవరిని చూసి పరిగెత్తాలి?

అడిగేవాళ్ల కోసం నాలుగు మాటలు. ఫోన్లో కాదు, కంప్యూటర్లో చేయండి. ఒకే ట్యాబు. మంచి సీటు కోసం బేరాలు పెట్టుకోవద్దు, మొదట చిక్కింది తీసేసుకోండి. ఏ కార్డుతో కడతారో ఆ కార్డు బ్యాంకుకు ముందురోజే ఫోన్ చేసి, రేపు పెద్ద కొనుగోలు ఉందని చెప్పండి. కార్డు వేరేవాళ్లదైతే, ఆ మనిషిని మీ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి, ఫోన్ చేతిలో ఉండేట్టు. బంధువుల కార్డు వద్దే వద్దు. స్నేహితులదైతే పర్వాలేదు, వాళ్లు ఏడాదికి ఒకసారే గుర్తుచేస్తారు.

టికెట్లు రెండు కదా, ఎవరెళ్లాలన్న చర్చే జరగలేదు. మా అమ్మాయి, వాళ్లక్క. వాళ్లక్కంటే కార్డుగలవారి అమ్మాయి. పిల్లలిద్దరూ అప్పుడే వేసుకోబోయే బట్టల గురించి ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. నన్ను డ్రైవరుగా ఖాయం చేశారు. పాటల సంగతి దేవుడెరుగు, గంటల కొద్దీ కార్లో కూర్చోవడం నాకు కొత్త కాదు.

వచ్చే గురువారం థాంక్స్ గివింగ్ భోజనం ఆల్ఫరెట్టాలోనే. అక్కడ టికెట్ల మాట నువ్వెత్తకు అని మా ఆవిడ ముందే చెప్పింది. నేనెత్తను. ఎత్తేవాళ్లు ఎత్తుతారు. ఈలోపు పార్కింగు సంగతి చూడాలి. అది కూడా ముందే ఆన్‌లైన్లో కొనుక్కోవాలట.