చెమ్మ పట్టిన రాకెట్ మోటార్లు: ఏవి ఉంచాం, ఏవి నీళ్లలో వేశాం

శ్రీకాకుళంలో అక్టోబరు తుపాన్ల కాలం దాటాక మోటార్ల పెట్టె విప్పి చూడటం మాకు తప్పని పని. సరదాకి ఎగరేసే చిన్న మోడల్ రాకెట్లని పైకి తోసే, మందు కూరిన కాగితపు గొట్టాలే ఈ మోటార్లు. ఈసారి పెట్టెలో 24 ఉన్నాయి. ఎక్కువ సి6-5లు, కొన్ని ఎ8-3లు (ఇవి మోటారు రకాల పేర్లు), అన్నీ 18 మిల్లీమీటర్ల వ్యాసమున్న బ్లాక్ పౌడర్ రకం, అంటే తుపాకి మందు కూరినవి. వాటిలో 9 బకెట్లోకి వెళ్లాయి.

మొదట ఇగ్నైటర్లన్నీ (మోటారుకి నిప్పు అంటించే తీగలు) తీసి వేరే గదిలో పెట్టాం. పగటి వెలుతురులో, వంటింటికీ దేవుడి దీపానికీ దూరంగా, నేల మీద తెల్లకాగితం పరిచి ఒక్కొక్కటే బయటికి తీశాం. తెల్లకాగితమే ఎందుకంటే, రాలిన నల్లటి నలుసు దాని మీద వెంటనే కనబడుతుంది.

మోటారు పట్టే అట్టగొట్టం ఒకటి విడిగా ఉంచుకుంటాం. మోటారు వేలితో నెడితే అందులో సాఫీగా జారాలి. సగంలో పట్టేసిందంటే కాగితం చెమ్మ తాగి ఉబ్బినట్టే. పైపొర ఒలిచో, గరుకు కాగితంతో రుద్దో దూర్చేవాళ్లున్నారు. అది చెయ్యకూడదు. లోపలి ఒత్తిడిని ఆపేది ఆ కాగితపు గోడే. పైగా గోడ ఉబ్బితే మందుకీ దానికీ మధ్య పట్టు వదిలి ఉండొచ్చు.

అసలు ప్రమాదం ఆ పట్టు దగ్గరే. సి6లో పది గ్రాముల పైచిలుకు మందు గట్టిగా కూరి ఉంటుంది. అగరుబత్తిలా ఒక చివరి నుంచే వరసగా కాలుతూ పోవాలి. మందులో పగులున్నా, గోడ పక్కన సందున్నా మంట అందులోకి దూరి, కాలే వైశాల్యం ఒక్కసారిగా పెరుగుతుంది. ఒత్తిడికి గొట్టం చీలుతుంది, లేదా నాజిల్ (మంట బయటికొచ్చే బంకమట్టి మూతి) ఊడి వెళ్తుంది, లేదా మంట పైకి తన్నుకొచ్చి రాకెట్టునే కాల్చేస్తుంది. దీన్నే కేటో అంటారు. పగులు రావడానికి బల్ల మీద నుంచి సిమెంటు నేల మీద ఒక్కసారి పడినా చాలు. బండి డిక్కీలో పగలంతా ఎండకి కాగి రాత్రికి చల్లారడం, మళ్లీ కాగడం ఇంకా చెడ్డది. కాగితం, బంకమట్టి, మందు ఒకే కొలతలో సాగవు, ఒకే కొలతలో కుంచించుకోవు. ఇది బయటికి ఏమాత్రం కనబడదు. అందుకే కింద పడినదాని మీద అప్పుడే ఎర్ర గీత పెడతాం, అది ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే.

తర్వాత అద్దపు పలక మీద దొర్లిస్తాం. వంగినది, నొక్కుపడినది తడబడుతూ దొర్లుతుంది. పైకాగితం కాస్త గీసుకుపోతే పర్వాలేదు, గోటికి గుంట తగిలితే మాత్రం పక్కన పెట్టాల్సిందే. నాజిల్లోకి టార్చి వేసి చూస్తే బంకమట్టి రంధ్రం గుండ్రంగా, అంచు తెగకుండా ఉండాలి. రెండో చివర మట్టిమూత వదులై ఉంటే, మెల్లగా వంచినప్పుడు కాగితం మీద నల్లటి గింజలు రాలతాయి. పారాచూట్‌ను బయటికి తోసే మందు అది. అది కారిపోతే రాకెట్టు ముక్కు కిందకి పెట్టుకుని నేరుగా దిగుతుంది, కింద పిల్లలుంటారు. రాలిన గింజల్ని చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో అద్దండి.

అనుమానం ఉన్నవాటిని మరోసారికి దాచే అలవాటు మానేశాం. మంచివి ఉంచుతాం, మిగతావి నీళ్లలో వేస్తాం.

పెరట్లో ప్లాస్టిక్ బకెట్టు నిండా నీళ్లు పోసి, మోటార్లు తేలకుండా పైన రాయి పెడతాం. రెండు మూడు రోజులకి కాగితం చుట్టలు విడిపోయి, నల్లటి ముద్ద వేళ్ల మధ్య బురదలా నలగాలి. చేతికి గ్లోవ్స్ ఉండాలి. నలగకపోతే ఇంకా నాననివ్వాలి. ఆరితే ఈ మందు మళ్లీ కాలుతుంది కాబట్టి తడిగానే పొట్లం కట్టి చెత్తలో వెయ్యాలి. ఆ నీళ్లు పశువులు తాగే చోట పొయ్యకండి. కాంపోజిట్ మోటార్లకి ఈ పద్ధతి పనికిరాదు. వాటి మందు రబ్బరులో బంధించి ఉంటుంది, నీళ్లలో విడిపోదు. లైసెన్సున్న అమ్మకందారుకే తిరిగివ్వాలి. అది కూడా ఆమదాలవలసలో రైలెక్కించి కాదు. మందుగుండు రైల్లో తీసుకెళ్లడం నిషిద్ధం, పోస్టులోనూ అంతే.

మంచి 15 మోటార్లూ జిప్ కవర్లలో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో, మూత వదులుగా ఉండే ప్లాస్టిక్ పెట్టెలోకి వెళ్లాయి. పలాస జీడిపప్పు రేకు డబ్బా గాలి చొరబడదని దాన్ని వాడాలనిపిస్తుంది కానీ, బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో నిప్పు పుడితే డబ్బాయే పేలుతుంది. ఫ్రిజ్ వద్దు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. రేకుల షెడ్డు, మేడ మీద గది కూడా వద్దు. ఇంటి మధ్య గదిలో, లోపలి గోడ వైపు, తాళం వేసి, పిల్లలకి అందని ఎత్తులో పెట్టాం. నారింజ రంగు సిలికా జెల్ ఆకుపచ్చగా మారితే పొట్లం మార్చాలి. ఇక్కడి గాలికి నెలకోసారి చూడక తప్పదు.