మొత్తానికి నేనే పార్ట్స్ కొని బిగించుకున్న కంప్యూటర్ ఆన్ అయింది!!

మూడు వారాలు బుర్ర తినేసుకుని నిన్న సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) పార్ట్స్ అన్నీ కొనేశా. నాన్న అయితే "ఆ డబ్బులకి మంచి లాప్‌టాప్ వచ్చేది కదరా" అని దారంతా ఒకటే గోల. నా పాత డీడీఆర్4 ర్యామ్ కొత్తదాంట్లో వాడేద్దాం, కాస్త మిగులుద్ది అనుకున్నా, కానీ నేను తీసుకున్న ఏఎం5 (ఏఎండీ ప్రాసెసర్ సాకెట్) బోర్డుల్లో డీడీఆర్5 అనే తర్వాతి రకం ర్యామ్ తప్ప ఏదీ పట్టదు, మధ్యలో గాడి కూడా వేరే చోట ఉంటది, అక్కడికి ఆ ఆశ అయిపోయింది.

రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు. ఇదే సాకెట్‌లో రేపు పెద్ద ప్రాసెసర్ వేసుకోవచ్చని అటు వెళ్లా. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దనుకున్నా, ఈ ప్రాసెసర్‌లో చిన్న గ్రాఫిక్స్ ఎలాగూ ఉంది. కానీ పవర్ సప్లై మాత్రం 650 వాట్స్, గోల్డ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఉన్నదే. షాపతను క్యాబినెట్‌తో పాటు పేరూ ఊరూ లేనిదొకటి ఫ్రీగా అంటగట్టబోయాడు, దండం పెట్టి వద్దన్నా.

రాత్రి అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా! ర్యామ్ తీసి పెట్టా, కేబుల్ మార్చా, చెమటలు పట్టేశాయి. తీరా చూస్తే డీడీఆర్5కి మొదటిసారి మెమరీ ట్రైనింగ్ అని, అంటే బోర్డు ర్యామ్‌ని తనకి తగ్గట్టు సెట్ చేసుకోడానికి, కొన్ని నిమిషాలు పడుతుందట, నేనేమో ప్రతి నిమిషానికీ ఆపేస్తున్నా 🤦 ఈసారి ముట్టుకోకుండా టీ పెట్టుకొచ్చేసరికి బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగ్స్ స్క్రీన్) కనిపించింది.

నాన్న వెనకాలే నిలబడి "ఇంతేనా?" అన్నాడు.