సిస్టర్ల జీతంతో నడిచిన బడి

మన బడి గురించి రాయమంటే చాలామంది క్రమశిక్షణ గురించీ, ఉదయపు ప్రార్థన గురించీ రాస్తారు. నేను మాత్రం జీతాల గురించి రాయదలచుకున్నాను, ఎందుకంటే ఈ బడి ఇన్నేళ్లు ఎలా నిలబడిందో మనలో చాలామందికి తెలియదు.

1822లో నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్‌లో మొదలైన జీసస్ మేరీ జోసఫ్ అనే క్యాథలిక్ సన్యాసినుల సభ సిస్టర్లు 1904లో గుంటూరు చేరారు. ఆడపిల్లను బడికి పంపడమే అరుదైన ఆ రోజుల్లో వారు వేసిన పునాది మీదే మన తల్లులూ, మనమూ చదువుకున్నాం. ఆ తరువాత ప్రభుత్వ ఎయిడ్, అంటే టీచర్ల జీతాలకు ప్రభుత్వమిచ్చే సాయం, వచ్చింది. ఎయిడెడ్ పోస్టులో పనిచేసే సిస్టరుకు తోటి టీచర్లతో సమానంగా జీతం వచ్చేది గానీ, పేదరిక వ్రతం తీసుకున్నందువల్ల అందులో ఒక్క రూపాయి కూడా ఆమె సొంతం కాదు. మాకు లెక్కలు చెప్పిన సిస్టరు జీతమంతా మఠం ఉమ్మడి నిధికే వెళ్లేది. మఠం తిండి ఖర్చు పోగా మిగిలినది ఎయిడ్ లేని సెక్షన్ల టీచర్ల జీతాలకూ, కారుతున్న పైకప్పుకూ, ఫీజు కట్టలేని హాస్టలు పిల్లల పుస్తకాలకూ సరిపెట్టేవారని పెద్దయ్యాక, ఆమె నోటనే విన్నాను. ఆ పుస్తకాలు అందుకున్న పిల్లల్లో నేనూ ఉన్నాను.

ఆ ఆధారం క్రమంగా సన్నగిల్లింది. రిటైరైన వారి స్థానాలు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. మఠంలో చేరే యువతులూ తగ్గారు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని తనకు అప్పగించమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాజమాన్యాలను కోరినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరులో, యాజమాన్యాలు అప్పటికే ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే వీలు కల్పించారు. అయినా ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. సిస్టర్లు, ఫాదర్లు ఎయిడెడ్ బడుల్లో అందుకునే జీతాల మీద కూడా ఆదాయపు పన్ను కోత వర్తిస్తుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం సంగతి అలా ఉంచితే, తన కోసం ఏమీ దాచుకోని మనిషి చేతి నుంచి బడికి చేరే సొమ్ము ఆ మేరకు తగ్గుతుంది. ఫీజులు పెంచితే లోటు తీరుతుంది, కానీ అప్పుడు ఆ బడిలో కూలీల పిల్లలకు చోటుండదు. సిస్టర్లు ఇంతకాలం ఆ దారి పట్టకపోవడమే వారి గొప్పతనమని నేను నమ్ముతాను.

పూర్వ విద్యార్థుల నిధితో ముఖద్వారం కట్టిద్దామన్న ప్రతిపాదన ఉంది. ముందుగా ఆ నిధితో ఖాళీగా ఉన్న సైన్సు టీచరు పోస్టుకు జీతం ఇద్దామని సంఘ సభ్యులందరికీ నా మనవి. మొదటి ఏడాదికి నా వంతు చెక్కును కోశాధికారి గారికి అందజేశాను.